పావెల్ హెచ్చరిక

అమెరికా పశ్చిమ సీమలో చాల భాగమున వానను నమ్మి సేద్యము చేయుట సాధ్యము కాదని 1878లో జాన్ వెస్లీ పావెల్ తన నివేదికలో వ్రాసెను. 1869లో కొలరాడో నదిపై పడవలలో ప్రయాణించి, ఆ సీమను కన్నులార చూచిన శాస్త్రజ్ఞుడాయన. కొండవాలు, అడవి, బీడు, నీరు ఒక్క యేటి పరీవాహక ప్రదేశమునకు చెందినవే గనుక, వాటి పాలన అచ్చటి ప్రజల చేతిలోనే యుండవలెనని 1890లో సూచించెను. 1893లో లాస్ ఏంజెలిస్ సభలో, ఉన్న భూమికెల్ల నీరు చాలదని చెప్పగా శ్రోతలు గేలి చేసిరి.

1902 నాటి చట్టము ప్రభుత్వ భూముల విక్రయధనమును ఆనకట్టలకు, కాలువలకు మరలించెను. 1922లో ఏడు రాష్ట్రములు కొలరాడో నీటిని పంచుకొని, ఎగువకును దిగువకును ఏటేట చెరి 75 లక్షల ఎకరపు అడుగులు, అనగా సుమారు 327 టి.ఎం.సి.లు, కేటాయించుకొనెను. లెక్కకు తీసుకొన్న సంవత్సరములలో వానలు మెండు. ఆ ఒడ్డులనే తరతరములుగా నివసించు ఆదిమ జాతులకు ఆ చర్చలలో చోటే లేదు.

ఫలితమేమి? 2021లో ఆ నది దిగువ భాగమున తొలిసారిగా నీటి కొరతను అమెరికా ప్రభుత్వము ప్రకటించెను. 2022లో కరవు నివారణకు 400 కోట్ల డాలర్లు కేటాయించి, నీటి పొదుపుతోబాటు నదీ ప్రదేశముల పునరుద్ధరణకును అందు చోటు కల్పించిరి. ఆనకట్ట నీటిని నిలుపగలదు, పుట్టింపజాలదు. పరీవాహక ప్రదేశము బాగునకు ధనము వెచ్చించుట, నాడు గేలిపాలైన మాటను ఆలస్యముగ నైనను ఆలకించుటయే.