కత్తి, కడ్డీ, మాత్రల సీసా

స్లైడ్ గిటార్ నేర్చుకుందామనుకోగానే మొదట ఎదురయ్యే ప్రశ్న: గాజు స్లైడా, ఇత్తడిదా? ఈ దారి వేసినవాళ్ళు చేతికి దొరికినదాన్నే వాడారు.

1903 ప్రాంతంలో, మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్లో ఒక నల్లజాతి మనిషి గిటార్ తీగల మీద కత్తిని నొక్కి వాయిస్తుంటే విన్నానని డబ్ల్యూ. సి. హ్యాండీ తన ఆత్మకథలో (1941) రాశాడు. హవాయి వాళ్ళు ఉక్కు కడ్డీతో వాయించే తీరూ ఇదేనన్నాడు. ఆ మనిషి పేరు మాత్రం రాయలేదు.

కత్తి ఎందుకు? గిటార్ మెట్లు స్వరాల్ని గళ్ళలో పెడతాయి. మనిషి గొంతు గళ్ళలో ఇమడదు. తీగ మీద జారే వస్తువు ఆ గళ్ళని చెరిపేస్తుంది. గమకాలకి అలవాటుపడ్డ చెవికి ఇది వెంటనే అందుతుంది. మన గోటువాద్యం పలికేదీ, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ మీద హిందుస్తానీ రాగాలు పలికించిందీ ఇలాగే.

తర్వాతి కాలంలో డ్యువేన్ ఆల్‌మన్ జలుబు మాత్రల గాజు సీసాని వేలికి తొడుక్కున్నాడు. ఇవాళ దాని నకళ్ళు దుకాణాల్లో అమ్ముతున్నారు. సీసాకి బ్రాండ్ మిగిలింది, కత్తి పట్టినవాడికి పేరు కూడా మిగల్లేదు.

అందుకే నా లెక్కలో వేలికి సరిపోయే స్లైడు, కాస్త ఎత్తులో బిగించిన లావు తీగలు చాలు. స్లైడు సరిగ్గా మెట్టు కమ్మీ మీదికి రావాలి; దాని వెనక వేళ్ళు తీగల్ని తేలిగ్గా తాకి అదనపు మోతని ఆపాలి. మిగతాది చెవి పని. అది దుకాణంలో దొరకదు.