తిలకధారణ – సేవాధర్మం: 1806 నేర్పిన పాఠం

కార్తికమాసం ప్రవేశించగానే గుంటూరు, ప్రకాశం మండలాలలోని మిరప యార్డులలో, పత్తి మిల్లులలో, బస్సులలో, బ్యాంకులలో నల్లని వస్త్రాలు ధరించిన అయ్యప్ప దీక్షాపరులు దర్శనమిస్తారు. యూనిఫారం నియమమున్న కొలువులలోని వారికి అప్పుడొక ధర్మసందేహం కలుగుతుంది: దీక్షావస్త్రమా, యజమాని నిర్దేశించిన వేషమా? ఈ సందేహం నూతనమైనది కాదు. ఇరువది పైచిలుకు దశాబ్దాల పూర్వం ఇదే ప్రశ్న దక్షిణాపథంలో రక్తపాతానికి దారితీసింది.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ వశమైనది. ఒంగోలు, పల్నాడు సీమలు 1801లో కర్ణాటక నవాబు రాజ్యంతోపాటు దాని పాలనలోకి వచ్చాయి. అప్పటికే కంపెనీవారి మద్రాసు సైన్యంలో తెలుగువారు విశేషంగా కొలువు చేసేవారు. క్లైవు వెంట దక్షిణాది సిపాయీలు వంగదేశానికి వెళ్లిన నాటినుండి, ఉత్తరాదివారు యూనిఫారం తొడిగిన సిపాయిని ‘తిలంగా’ అని పిలిచారు. మన దేశనామమే సైనిక వేషానికి పర్యాయపదమైనదన్నమాట!

1805 నవంబరులో, సర్ జాన్ క్రాడక్ సేనాధిపతిగా ఉండగా, సిపాయీలకు నూతన తలపాగా నిర్ణయించారు. అది ఆకృతిలో దొరల టోపీని తలపించేది. దానికి తోలు అలంకారం ఒకటి. 1806లో వెలువడిన సైనిక నిబంధనావళిలోని పదవ అంశం యూనిఫారంలో ఉన్నప్పుడు నుదుట మతచిహ్నాలు, చెవులకు పోగులు కూడదన్నది. గడ్డం గీయించుకోవాలనీ, మీసం ఒకే తీరున ఉంచాలనీ ఆదేశించింది.

అధికారుల దృష్టిలో ఇది కేవలం ఏకరూపత. సిపాయి దృష్టిలోనో? కర్ణవేధ షోడశ సంస్కారాలలో ఒకటిగా పరిగణింపబడేది. ఆ కుండలం ఆభరణమాత్రం కాదు. ఊర్ధ్వపుండ్రమైనా త్రిపుండ్రమైనా నిత్యకర్మాంగం. మహమ్మదీయునికి గడ్డం ప్రవక్త సంప్రదాయం. ఇక ఆ తోలు గోవుదో వరాహానిదో అన్న శంక ఉభయులనూ కలవరపెట్టింది. తిలకాన్ని తుడిచిన ఉత్తర్వే గడ్డాన్నీ గీయించినది. కనుకనే ఆ వేదన ఒక్క మతానిది కాలేదు.

మే నెలలో వేలూరు కోటలోని ఒక పటాలం ఆ తలపాగాను నిరాకరించింది. దోషులుగా నిర్ణయింపబడినవారిలో ఒక హిందువుకు, ఒక మహమ్మదీయునికి కొరడాదెబ్బలు పడ్డాయి. విన్నపాన్ని వినవలసినవారు దండనతో సరిపెట్టారు. జులై 10న వేకువకు ముందే కోట తిరగబడింది. నూరుమందికి పైగా ఆంగ్ల సైనికులు, వందలాది సిపాయీలు మరణించారు. కోటలో నిర్బంధంలో ఉన్న టిపూ సుల్తాను కుమారుల పాత్రను కూడా చరిత్రకారులు చర్చిస్తారు. అయినను వేషనిబంధనలే ప్రధాన కారణాలలో ఒకటన్నది నిర్వివాదం.

అదే మాసంలో హైదరాబాదు సమీపాన కంపెనీ సేనలోనూ ఇదే అసంతృప్తి రగిలింది. అక్కడి సేనాని మాంట్రెసర్ సిపాయీల మనోగతాన్ని గ్రహించి, ఆక్షేపణకు గురైన ఆజ్ఞలను ఉపసంహరించాడు. అక్కడ వేలూరు పునరావృతం కాలేదు. ఒకే ఉత్తర్వు, ఒకే సైన్యం. విన్నచోట శాంతి, విననిచోట శవాలు. పిమ్మట మద్రాసు ప్రభుత్వమూ ఆ నిబంధనలను రద్దుచేసింది. 1807లో గవర్నరు బెంటింకును, క్రాడక్‌ను కంపెనీ పదవులనుండి వెనుకకు పిలిపించింది.

నేటి స్థితి భిన్నం. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను ప్రసాదిస్తూనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు దానిని లోబరచింది. సిక్కుల కృపాణధారణను పేర్కొని మరీ గుర్తించింది. వాయుసేనలో గడ్డం విషయమై 2016లో సర్వోన్నత న్యాయస్థానం, సాయుధదళాల క్రమశిక్షణకు, ఏకరూపతకు ప్రాధాన్యమిచ్చింది. అనగా అన్ని ఉద్యోగాలకూ ఒకే కొలమానం లేదు.

కాబట్టి నియమం యొక్క ప్రయోజనాన్ని విచారించాలి. జిన్నింగు యంత్రం ముందు వేలాడే ఉత్తరీయం ప్రాణాపాయకరం. అక్కడ దానిని వారించే యజమాని ధర్మద్రోహి కాడు. దేహరక్షణ సకల ధర్మసాధనకు మూలం. కాని చూపరులకు ఇంపుగా ఉండదన్న ఒకే కారణంతో నుదుటి విభూతిని తుడుచుకొమ్మంటే, అది క్రమశిక్షణ కాదు, అభిరుచిని ఆజ్ఞగా మార్చడం. దీక్షాపరుడు కూడా మాల ధరించక ముందే యజమానితో మాట్లాడి, సెలవో సర్దుబాటో కోరడం ఉచితం.

మరొక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన తిలకానికి కోరే గౌరవాన్ని పక్కబల్ల వద్ద పనిచేసే సోదరుని గడ్డానికీ, సోదరి తలముసుగుకూ కోరలేకపోతే, మనం అడుగుతున్నది ధర్మం కాదు, పక్షపాతం. వేలూరులో కొరడాదెబ్బలు తిన్న ఆ ఇద్దరూ ఒకే బాధను అనుభవించారు. వారి వీపులు మతాన్ని ఎరుగవు.