సముద్రతీర విడిది గృహాలలో గాలి నాణ్యత

సముద్రతీర ప్రాంతాలలో పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళలో, గదుల లోపలి గాలి ఆరోగ్యానికి ఎంత అనుకూలంగా ఉన్నదో తెలిపేదే గాలి నాణ్యత. విశాఖపట్నం, భీమునిపట్నం, సూర్యలంక వంటి తీరాలలో గాలిలో తేమ అధికం. పైగా యాత్రికులు లేని రోజులలో ఈ ఇళ్ళు మూసి ఉండుట వలన లోపలి తేమ బయటకు పోదు.

తేమ, బూజు

సాపేక్ష ఆర్ద్రత 60 శాతానికి మించి చాలాకాలం ఉన్నచో గోడలు, పరుపులు, తెరలపై బూజు (శిలీంధ్రాలు) పెరుగుతుంది. దీని సిద్ధబీజాలను పీల్చుట వలన తుమ్ములు, దగ్గు, ఉబ్బస రోగులకు ఆయాసం కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని తేమ, బూజులపై మార్గదర్శకాలను ప్రచురించింది. సాధారణ స్ప్లిట్ ఏసీ కొంత తేమను తీసివేసినా, గదిలోని గాలినే తిప్పుతుంది గాని బయటి గాలిని లోనికి తీసుకురాదు.

విషవాయువులు

స్నానాల గదిలోని గ్యాస్ గీజరు, కిటికీ దగ్గర నడిచే జనరేటరు నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడవచ్చును. దీనికి రంగు, వాసన లేవు. కావున ప్రమాదం తెలియకుండానే మనిషి స్పృహ తప్పి మరణించవచ్చును. బ్లీచింగ్ పౌడరును ఆమ్లంతో కలిపినచో క్లోరిన్ వాయువు పుడుతుంది.

జాగ్రత్తలు

* యాత్రికులు వచ్చుటకు ముందు, ఎండ ఉన్న పూట ఎదురెదురు కిటికీలు తెరవాలి.
* తుఫాను లేదా వాన నీటికి తడిసిన వస్తువులను 24 నుండి 48 గంటలలోగా ఆరబెట్టాలి.
* ఏసీ జల్లెడలను తరచుగా కడగాలి.
* గ్యాస్ గీజరును స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోట అమర్చాలి.
* గీజరు లేదా జనరేటరు నడుస్తున్నపుడు తలనొప్పి, వికారం కలిగినచో వెంటనే ఆరుబయటకు వచ్చి వైద్య సహాయం పొందాలి.