నవ్వులకి చందాదారులు

"ఆఫీసు పనిమీద మూడు రోజులు కాంపుకెళ్ళాలోయ్" అంటూ మీవారు పెట్టె సర్దుకుంటున్నారనుకోండి. మీరు నమ్ముతారా? నమ్మక చేసేదేముంది అంటారా? అయితే 1933లో వచ్చిన 'సన్స్ ఆఫ్ ది డెజర్ట్' అనే ఇంగ్లీషు సినిమా ఒకసారి చూడండి. ఆ తర్వాత పెట్టె మీరే సర్దుతారు, అడుగునేముందో చూసి మరీ!

అందులో బక్కాయన లారెల్, బొద్దాయన హార్డీ ఒక సంఘంలో సభ్యులు. చికాగోలో జరిగే మహాసభకి వచ్చి తీరతామని ఇద్దరూ ఒట్టేస్తారు. హార్డీ భార్య వీల్లేదు పొమ్మంటుంది. అంతే, హార్డీకి లేని జబ్బు వచ్చిపడుతుంది. హోనొలూలూకి ఓడ ప్రయాణం చేస్తే గాని తగ్గదని డాక్టరు చేత చెప్పిస్తారు. ఆ డాక్టరేమో పశువుల డాక్టరు! ఓడ పేరు చెప్పి చికాగో చెక్కేస్తారు మగమహారాజులు. తీరా చూస్తే హోనొలూలూ నుంచి రావలసిన ఆ ఓడ తుపానులో మునిగిపోతుంది. గుండెలు బాదుకుంటూ మనసు మళ్ళించుకుందామని సినిమాకి వెళ్ళిన భార్యలకి, న్యూస్‌రీల్లో ఊరేగింపులో చిందులు తొక్కుతున్న భర్తలు కనబడతారు. ఇక ఇంట్లో ఏం జరిగిందో వేరే చెప్పాలా? ఏడుస్తూ నిజం ఒప్పేసుకున్న లారెల్‌కి చాకొలెట్లు, బుకాయించిన హార్డీకి వంటింట్లో ఉన్న పళ్ళాలూ గిన్నెలూ, అన్నీ నెత్తిమీద!

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. సినిమాలో ఉన్న ఆ సంఘం, ముప్పై రెండేళ్ళ తర్వాత నిజంగానే పుట్టింది.

జాన్ మెకేబ్ అని ఒక ప్రొఫెసరు. షేక్‌స్పియర్ నాటకాలమీద పరిశోధన చేయడానికి ఇంగ్లండు వెళ్ళాడు. 1953లో బర్మింగ్‌హామ్‌లో లారెల్, హార్డీ స్టేజి ప్రదర్శనకి వచ్చినప్పుడు వాళ్ళని కలుసుకున్నాడు. అంతే, షేక్‌స్పియర్‌గారు కాస్త పక్కకి తప్పుకున్నారు! 1961లో ఈ జంట మీద మెకేబ్ రాసిన జీవితచరిత్ర అచ్చయింది. 1965లో ఆయనా, మరి కొందరు మిత్రులూ న్యూయార్క్‌లో అభిమానుల సంఘం పెట్టారు. పేరు అదే, 'సన్స్ ఆఫ్ ది డెజర్ట్'. ఎడారి అన్నాక డేరాలుండాలి కదా! అందుకని ప్రతి ఊరి శాఖనీ 'టెంట్' అన్నారు. ఒక్కో టెంటుకి ఒక్కో లారెల్, హార్డీ సినిమా పేరు. టూరింగ్ టాకీసు డేరాలో నేలమీద కూర్చుని సినిమా చూసిన మనకి ఈ మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి!

సంఘానికి ఒక నియమావళి కూడా రాసుకున్నారు. అందులో గొప్ప నియమం ఏమిటంటే, పదవుల్లో ఉన్నవాళ్ళకి ఎటువంటి అధికారమూ ఉండదు. ఈ ఒక్క ముక్కా మన కాలనీ సంఘాలవాళ్ళు రాసుకుంటే ఎన్ని తగువులు తప్పేవో! ఆ ముసాయిదా చూసి లారెల్ ఆనందించాడు. కానీ మొదటి సమావేశం చూడటానికి ఆయన లేడు. 1965 ఫిబ్రవరి 23న కన్నుమూశాడు. హార్డీ అంతకు ముందే, 1957లో పోయాడు.

హార్డీ పోయాక లారెల్ మళ్ళీ తెరమీద కనబడలేదు. సాంటామోనికాలో సముద్రపుటొడ్డున ఒక చిన్న అపార్టుమెంటులో ఉండేవాడు. ఆయన నంబరు టెలిఫోను డైరెక్టరీలో అందరి నంబర్లతోపాటు ఉండేది. ఎవరైనా ఫోన్ చేయచ్చు, వెళ్ళి తలుపు తట్టచ్చు. నటుడు డిక్ వాన్ డైక్ ఆయన్ని అలాగే పట్టుకున్నాడు. ఇక ఉత్తరాలంటారా, టైపు మిషను ముందు కూర్చుని తనే జవాబులు కొట్టేవాడు. ఆయన రాసిన ఉత్తరాలు వెయ్యికి పైగా తర్వాత అభిమానులు వెతికి పోగుచేశారు.

అంత ఓపిగ్గా ఉత్తరాలు రాసినాయన అభిమానులు ఊరుకుంటారా? వాళ్ళూ రాయడం మొదలెట్టారు. సంఘానికంతటికీ 'ఇంట్రా టెంట్ జర్నల్' అని ఒకటి. 1967లో పుట్టిన లాస్ ఏంజెలిస్ టెంటు వాళ్ళది 'ప్రాట్‌ఫాల్'. కామెడీలో చతికిలబడి పడటాన్ని అలా అంటారు. స్కాట్లాండులో గ్లాస్గోవాళ్ళది 'బౌలర్ డెజర్ట్'. వాళ్ళిద్దరూ పెట్టుకునే గుండ్రటి టోపీ పేరు బౌలర్. డెజర్ట్ అంటే భోజనమయ్యాక తినే మిఠాయి, కొద్దిగా తేడాగా పలికితే ఎడారి. తెలుగువాళ్ళమే శ్లేషలకి పుట్టామనుకుంటాం గానీ!

ఆ రోజుల్లో ఇంట్లో పత్రిక తీయడమంటే మాటలా? కంప్యూటర్లు లేవు. టైపు మిషను రిబ్బను పక్కకి తప్పించి మైనం పూసిన స్టెన్సిల్ మీద అక్షరాలు కొట్టాలి. గట్టిగా కొడితే 'ఓ' అక్షరం మధ్య ముక్క ఊడి కిందపడుతుంది, పత్రికలో నల్ల చుక్క మిగులుతుంది. తప్పు పడితే గోళ్ళరంగు లాంటి ద్రవం పూసి, ఆరేదాకా ఊదుతూ కూర్చోవాలి. ఆ తర్వాత సైక్లోస్టైల్ మిషను చక్రం చేత్తో తిప్పడం, తడి కాగితాలు అంటుకోకుండా ఆరబెట్టడం, పేజీలు వరసగా పేర్చడం, పిన్నులు కొట్టడం, కవర్లమీద చిరునామాలు, స్టాంపులు. భోజనాల బల్లమీద భోజనానికి చోటుండదన్నమాట! ఇంటావిడ విసుక్కుందో, తనూ కూర్చుని స్టాంపులు అంటించిందో చరిత్రలో రాయలేదు గానీ, మనకి తెలియదూ?

ఇంత అవస్థా పడి ఏం రాశారంటారా? ఏ సినిమా ఏ సంవత్సరం వచ్చింది, ఏ వీధిలో తీశారు, గుంపులో మూడో మనిషి ఎవరు, ఎక్కడెక్కడ ముక్కలు పోయాయి, ఇవీ. పనిలేని పనిలా ఉంది కదూ? కానీ ఆ కాలంలో టీవీలవాళ్ళు ప్రకటనలకి చోటు కోసం పాత సినిమాలని ఎడాపెడా కోసేసేవారు. అది చూసి లారెల్ బాధపడేవాడు. అప్పట్లో వీడియో లేదు. ఐయోవా రాష్ట్రంలోని డేవెన్‌పోర్ట్ నుంచి బ్లాక్‌హాక్ ఫిల్మ్స్ అనే కంపెనీ పోస్టులో అమ్మే 8 ఎం.ఎం., 16 ఎం.ఎం. రీళ్ళు కొని, ఇంట్లో ప్రొజెక్టరు పెట్టుకుని గోడమీద చూడాల్సిందే. ఏది పూర్తి, ఏది కోత అన్నది తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క రాసిపెట్టాలి. ఆ కరణీకం ఈ అభిమానులు చేశారు.

1927 నాటి 'బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' సంగతే చూడండి. ఊరు ఊరంతా ఒకళ్ళ ముఖాన ఒకళ్ళు పైలు, అంటే క్రీము పూసిన తీపి రొట్టెలు, కొట్టుకునే చిత్రం. మూడువేల పైలు ఖర్చయ్యాయని ప్రచారం. దాని రెండో రీలు చాలా ఏళ్ళు పూర్తిగా దొరకలేదు. ముక్కలే మిగిలాయి. 2015లో ఒక కలెక్టరు కొన్న పాత డబ్బాల్లో ఆ రీలు బయటపడింది! పోయిందని రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే, దొరికిందని తెలిసింది. అదే ఏడాది తీసిన 'హ్యాట్స్ ఆఫ్' మాత్రం ఇప్పటిదాకా చిక్కలేదు. ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఈ పిచ్చి మగవాళ్ళదే అనుకునేరు. ముఖంలో నవ్వు కనబడనివ్వకుండా లోకాన్ని నవ్వించిన బస్టర్ కీటన్ పేరిట 1992లో, ఆయన పుట్టినరోజు అక్టోబరు 4న, సంఘం మొదలుపెట్టింది ఒక ఆవిడే. ఆయన సినిమాలో పడవ పేరు 'డామ్‌ఫినో'. "ఏమో, నాకేం తెలుసు!" అని అర్థం. సంఘ సభ్యులు తమని తాము 'డామ్‌ఫినోలు' అని పిలుచుకుంటారు. వాళ్ళకీ మూడు నెలలకో పత్రిక ఉంది.

ఇదంతా చదువుతుంటే మా పెద్దన్నయ్య గుర్తొస్తాడు. కాలేజీ రోజుల్లో వాడూ ఒక లిఖిత పత్రిక నడిపాడు. ఒక్కటే ప్రతి. గుండ్రటి చేతిరాత, రంగు పెన్సిళ్ళ బొమ్మలు. మన రేలంగి, రమణారెడ్డి జంటని లారెల్, హార్డీలని అందరూ అనేవారు కదా, పత్రికనిండా వాళ్ళే. 'మిస్సమ్మ'లో ఎవరు ఏ సీనులో ఏం చేశారో, 'మాయాబజార్'లో లక్ష్మణకుమారుడిగా రేలంగి నడకెలా ఉందో, చిన్నమయగా రమణారెడ్డి చేతులెలా ఊపాడో, పేజీలకి పేజీలు. వీధిలో ఇంటింటికీ తిరిగి వచ్చేసరికి దానిమీద కాఫీ మరకలు, పోపు నూనె చుక్కలు. చివరి పేజీలో చదివినవాళ్ళ అభిప్రాయాలు. మా అమ్మ ఒకసారి "గిరిజ గురించి ఏదీ?" అని రాసింది. తర్వాతి సంచిక గిరిజ ప్రత్యేక సంచిక!

నా పెళ్ళయి చాలా ఏళ్ళయ్యాక పుట్టింటికి వెళ్ళాను. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు. అటకమీద కట్టలు దింపి, పాత పేపర్లవాడికి తూకం వేయించింది నేనే. మధ్యలో అట్టలేని నోటు పుస్తకాలేవో కనబడ్డాయి. చేతులనిండా దుమ్ము, విప్పి చూడలేదు. సాయంత్రం అన్నయ్య వచ్చి అటక వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పోన్లేవే" అన్నాడు. అంతే. తిట్టినా బావుండేది.

డేవెన్‌పోర్ట్ నుంచి రీళ్ళు తెప్పించుకున్నవాళ్ళ లెక్కలు ఇప్పుడు పుస్తకాలయ్యాయి. లారెల్ పుట్టిన అల్వర్‌స్టన్ ఊళ్ళో 1983లో ఒక అభిమాని చిన్న గదిలో పెట్టిన సామాను మ్యూజియం అయి కూర్చుంది. మా అన్నయ్య పత్రిక ఏ కొట్లోనో పప్పు పొట్లాలయి ఉంటుంది. పండగకి మీరు అటక దులిపేటప్పుడు, ఒక్క నిమిషం చెయ్యి తుడుచుకుని, ఆ నోటు పుస్తకం ఏమిటో విప్పి చూడండి. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.