అరుగు మీది తారీఖ్

తారీఖ్ అంటే కితాబుల్లోనే ఉంటుందనుకునేవాణ్ణి. గాజువాక దగ్గర నిర్వాసితుల కాలనీలో, అసర్ నమాజు తర్వాత అరుగు మీద బుజుర్గుల గప్పాలు విన్నాక ఆ ఖయాల్ మారింది.

విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 60కి పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. సర్కారు కాగజుల్లో ఎకరాల లెక్కుంది. నూతి నీళ్ల రుచి లేదు.

"మా నూతి నీళ్లకి పప్పు ఇట్టే ఉడికిపోయేది భాయ్" అంటాడు పక్కింటి తాత. "మీ దున్నపోతు పెళ్లి పందిట్లో దూరింది, అది చెప్పవేం?" అంటారు మా చాచా. ఇద్దరూ నవ్వుతారు.

2021లో కేంద్రం ఆ ఫ్యాక్టరీ వాటాలన్నీ అమ్మేస్తామన్న రోజు మాత్రం నవ్వలేదు. "జమీన్ ఇచ్చింది ఇందుకేనా?" అన్నారు చాచా.

మీ ఇంటి పెద్దల గప్పాలు రాసిపెట్టుకోండి. పోయిన ఊళ్లకు మిగిలిన పతా అదే.