ఆశుతోష్ ముఖర్జీ – అంతేవాసులు

తైత్తిరీయ శీక్షావల్లి ఆచార్యుని పూర్వరూపముగాను, అంతేవాసిని ఉత్తరరూపముగాను, విద్యను వారి నడుమ సంధిగాను నిరూపించినది. ఆధునిక విశ్వవిద్యాలయమునందు ఈ సంధి కుదురునా అని సందేహించువారు సర్ ఆశుతోష్ ముఖర్జీ చరిత్రను పరిశీలింపవలెను. హైకోర్టు న్యాయమూర్తిగా ఉండగనే 1906లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిరి. పరీక్షలు జరిపి పట్టాలిచ్చుటయే ప్రధానకార్యముగా నున్న ఆ సంస్థలో పరిశోధనను ప్రతిష్ఠించిరి.

భారతీయులు నిరంకుశ రాజరికమును తప్ప వేరొక పాలన నెరుగరని పాశ్చాత్యులు పలువురు వ్రాయుచున్న కాలమది. 1909లో మైసూరున శామశాస్త్రి కౌటిలీయ అర్థశాస్త్రమును ముద్రించుటతో ఆ విషయము పునర్విచారణకు వచ్చినది. విచారించుటకు యువపండితులు కావలెను గదా! 1914లో రమేశచంద్ర మజుందార్ ఇరువదియైదేండ్ల వయస్సున అక్కడ అధ్యాపకుడయ్యెను. శ్రేణులు, గణములు, సంఘములు తమను తాము ఎట్లు పాలించుకొన్నవో, నాయకునికి ఎట్టి హద్దులుండెనో శోధించి డాక్టరేటు పొందెను. నాయకత్వమును శోధించిన ఆయనే 1937లో ఢాకా విశ్వవిద్యాలయ ఉపకులపతి యగుట గమనార్హము.

1921లో మైసూరు నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను తత్త్వశాస్త్రపీఠమునకు రప్పించిరి. అప్పటికాయనకు ముప్పదిరెండేండ్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1931లో ఆయనను ఉపకులపతిగా పొందినది. వయస్సును గాక యోగ్యతను చూచుట మాటలలో సులభము. పీఠము నప్పగించుటకు గుండెధైర్యము కావలెను.

ఆ ధైర్యము శిష్యుల విషయమునకే పరిమితము కాలేదు. 1923లో గవర్నరు లిట్టన్ షరతులతో పునర్నియామకమును ప్రతిపాదింపగా, ఆయన లేఖాముఖమున తిరస్కరించి పదవిని వీడిరి.