ఆపత్కాల స్వావలంబనము (చిత్తూరు, తిరుపతి సీమ)

కరవును వరదను రెంటిని ఎఱిగిన ఈ సీమలో, ఆపద వాటిల్లినపుడు సర్కారు చేయూతకై ఎదురుచూడక తమకు తామే నిలువఁగల నేర్పును గ్రామీణులు బడులలోఁ గాక చేలలోను చెరువుకట్టల మీఁదను అభ్యసించిరి. 1876-78 నాటి ధాత కరవును చవిచూచిన చోట, పురుగు సోకక ఏండ్ల తరబడి నిలువయుండు రాగులకు ఆదరము మిక్కుటమగుట ఆశ్చర్యము గాదు. ఎండిన స్వర్ణముఖి నది ఇసుకలో చలమ త్రవ్వి, మొదట ఊరిన బురదనీటిని తోడిపోసి, తేరిన పిదప కడవ నింపుట పిల్లలకు సైతము తెలిసిన పని. చెరువు తూము నడపువాఁడు నీరుగంటి. కట్ట మరమ్మతు మాత్రము ఆయకట్టుదారు లెల్లరి బాధ్యత, దానినే కుడిమరామత్తు అనిరి. ఈ కట్టుబాటు సన్నగిల్లుట శోచనీయము. కట్ట విషయమున ఏమరుపాటు తగదని 2021 నవంబరు చాటెను: ఆనాటి వరదలలో రామచంద్రాపురము మండలమునందలి రాయలచెరువు కట్టనుండి నీరు ఊటలెత్తగా, అధికారులు దిగువ గ్రామములను ఖాళీచేయించి, ఇసుకబస్తాలతో కట్టను కాపాడిరి.